అంచనా సమయం

ఫారంలో ఒక్క గడి మిగిలింది:
ఎంతసేపట్లో పూర్తిచేస్తారు?
రెండున్నర గంటలని కొట్టి, చెరిపి,
మూడని పెట్టి డబ్బు కట్టేశాను.
వెనక్కి ఇవ్వరట.

షెఫీల్డ్‌లో చదును నేల ఎక్కడుందో
పదకొండేళ్లుగా బస్సు తోలుతున్న నాకే తెలీదు.
నా బస్సు మూలుగుతూ ఎక్కే మిట్టల పొగరు
ఇప్పుడు నా మోకాళ్లకి తెలిసొస్తోంది.

డ్యూటీకి ముందు, చీకట్లో, తుంపరలో బయల్దేరతాను.
మొదటి మైలు ముఖస్తుతి.
రెండోది అప్పులవాడిలా
డొక్కలో వేలు పెట్టి అడుగుతుంది.
మూడో మైలుకి
నేనూ నా ఊపిరీ మాటల్లేని కాపురం.

కుడికాలి బొటనవేలి గోరు నేరేడుపండయింది.
చెప్పలేదు ఇంట్లో.

మొన్న స్టాపులో డోరీన్ ముసలమ్మ
నన్ను పోల్చుకుని చెయ్యెత్తింది, బస్సుని ఆపినట్టు.
ఆగాను కూడా. అలవాటు.
"ఇవాళ లేటేం?" అంది.

నంబరు కాగితం వచ్చింది, నాలుగు పిన్నీసులతో.
అదే రోజు డిపోలో నోటీసు:
ఆదివారం పరుగు పందెం వల్ల
బస్సులు ఆలస్యంగా నడుచును.

రెండుసార్లు చదివాను.
ఇన్నేళ్లూ ఆలస్యానికి క్షమాపణ చెప్పినవాణ్ణి,
ఈ ఒక్కసారికి
కారణాన్ని.