దొంగ కణుపు

మొదలే చెప్తున్న, ఇది దొంగసొమ్ము.
ఏరియా ఆఫీసు మెట్ల పక్కన
సిమెంటు కుండీలకెల్లి
రెండాకులు, ఒక కణుపు.
ఆయన నంబరు నా పేరు మీదికి మారిన దినం
పదకొండు చోట్ల సంతకం పెట్టి దిగొస్తుంటే
నా చెయ్యి నన్నడగకుండ చేసిన పని.
గోటితోని గిల్లి కొంగున ముడేసిన.
ఘుగూస్ బస్సుల కిటికీ దగ్గర కూసున్నంక
ఆర్డరు కాగితం చూసుకోలేదు,
ముడి విప్పి చూసుకున్న.

వందనా తాయి నవ్వింది:
"చోరీచీ వేల్ లవకర్ వాఢ్తే."
దొంగతీగ తొందరగ పెరుగుతదంట.
అడిగి తెచ్చుకుంటే అలుగుతదని
మా అవ్వ కూడ అంటుండె.
ప్రాణహితకు ఆ ఒడ్డున, ఈ ఒడ్డున
ఈ ఒక్క దొంగతనానికి కేసు లేదు.

ఆయన కొబ్బరినూనె సీసా, నీలంది,
ఎంత కడిగినా మూతి దగ్గర వాసన పోలేదు.
అందులనే నీళ్లు పోసి పెట్టిన.
ఆకు మునిగితే కుళ్లుతది,
కణుపు తేలితే ఎండుతది,
నడుమ వేలెడు జాగల దాని బతుకు.
సీసా లోపల ఏమైతున్నదో కనబడది.
రోజూ గుంజి చూసేదాన్ని.
"నువ్వట్ల చూస్తుంటే అదెట్ల ఏరు పెడతది పోరీ"
అని తాయి తిట్టింది.
చూసుడు మానేసిన పంతొమ్మిదో రోజు
మెతుకు మొనంత తెల్లగ, ఒకటి.

మా కాడ దుమ్మును కంపెనీ
అందరికీ సమానంగ పంచుతది.
జీతం అట్ల పంచదు.
రెస్టు రోజు పాత బనీను తడిపి
ఒక్కో ఆకూ తుడుస్త,
కింద ఎడమ చెయ్యి ఆనిచ్చి, కాడ విరగకుండ.
ల్యాంపు రూముల గాజులు తుడిచే చెయ్యే ఇది.
షిఫ్టుకు రెండు వందల అరవై ల్యాంపులు,
లోపటికి పోయినన్ని బయటికి రావాలె.
ఒకనాడు ఒకటి తక్కువొచ్చింది.
అప్పటికి ఆ కిటికీల నేను లేను.

తర్వాత ఆకులు పచ్చబడ్డయి, పసుపు తీరు.
నీళ్లు చాలట్లేదేమోనని
పొద్దున పోసిన, మాపున పోసిన,
రాత్రి నిద్రపట్టక లేచి ఇంకో లోటా పోసిన.
దాహం కాదంట దానికి, ఊపిరాడక.
పెయింటు డబ్బకు మేకుతోని ఏడు తూట్లు పొడిచి
మట్టి మార్చిన.
ఇప్పుడు పోసే ముందు వేలు గుచ్చి చూస్త.
రెండో కణుపు దాక తడి తగలకపోతేనే నీళ్లు.
వేలికి కూడ కణుపులుంటయని
అదివరకు ఎన్నడు సోయి లేదు.

కిందికి వేలాడిస్తే అందంగనే ఉంటది గని
పోను పోను ఆకు చిన్నబోతది.
తమలపాకంత మొదలైంది
కొసకొచ్చేసరికి రావాకంతే.
అందుకని బ్లాస్టింగు వైరు కట్టిన, ఎర్రది.
మా క్వార్టర్లల్ల బట్టల దండెం అదే,
తలుపు గొళ్లెం అదే, పిల్లల ఊయలకు తాడు అదే.
క్యాలెండరు మేకు మీదుగ
గడియారం చుట్టు తిరిగి
మూడో ఏడు ఫ్యాను కొక్కెం దాక పోయింది.
పైకి పోయిన ఆకు నా అరచెయ్యికన్న పెద్దది.
ఒక్క పాయను మాత్రం కట్టలేదు,
కుర్చీ పక్కన కిందికే వదిలేసిన.
ఎందుకంటే ఏం చెప్పాలె.

సరూప కొత్తగ చేరింది ల్యాంపు రూముల.
ఇరవై ఆరేండ్లు.
ఆమె చేతిల ఉన్నది కూడ
ఇంకొకరి నంబరే.
గాజు తుడుస్తుంటె తుడుస్తనే ఉంటది,
చాలు, ఇయ్యి, అని నేనే గుంజుకోవాలె.
మొన్న రెస్టు రోజు ఇంటికి రమ్మన్న.
వచ్చి కుర్చీల కూసుంది, గోడలు చూసింది,
ఏం మాట్లాడలేదు.
నేను చాయ్ పెట్టుటానికి లోపలికి పోయిన.
పాలు పొంగేటంత సేపే.
గ్లాసులు పట్టుకొని వచ్చేసరికి
కొంగు కొస గట్టిగ ముడేస్తున్నది.
వేలాడే పాయ పొట్టిగైంది.
తెగిన కాడ తడిగ మెరుస్తున్నది, గోటితోని గిల్లిన కాడ.
కత్తెర కిటికీల్నే ఉన్నది,
అడిగితే రెండు కణుపులు ఇచ్చేదాన్ని.

అడగలేదు. మంచిదైంది.

ముడి దిక్కు చూడకుండ గ్లాసు చేతికిచ్చి
చక్కెర సరిపోయిందా అన్న.