పన్నెండో తేదీ జాగా

నల్లబల్లకి ఎడమపక్క జానెడు జాగా నాది.
డ్రిల్లు మాస్టరుకి గది లేదు, బీరువా లేదు.
గాలి పోయిన బంతులు రెండు, ఒక విజిల్,
ఆ జాగా.
పైన ‘చరిత్రలో ఈ రోజు’ అని పెయింటుతో రాయించాను.
కింద రోజూ సుద్దముక్క.

ఇవాళ అక్టోబరు పన్నెండు.
కొలంబస్ ఓడవాళ్లకి నేల కనబడింది, 1492.
ఆ నేల మీద అప్పటికే మనుషులున్నారు కదండీ
అన్నాడొక గుంటడు వెనక వరసలోంచి.
మధ్యాహ్నం వాడికి రెండో గుడ్డు వేయించాను.
విజయ్ మర్చంట్ పుట్టాడు, 1911. క్రికెట్టు.
వియన్నాలో ఒక కెన్యా మనిషి
మారథాను దూరాన్ని రెండు గంటల్లోపు తొక్కేశాడు,
ఇంకా ఇరవై సెకన్లు మిగిల్చి. 2019.

వంటపాకలోంచి సూరాడ నూకాలు వచ్చింది,
పప్పు గరిటె చేతిలోనే ఉంది.
అక్షరం రాదు గానీ వరసలు లెక్కపెడుతుంది.
“మూడేనేటి? మాది రాయనేదేటి మాస్టారూ?”
మీదేమిటి?
“గాలి.”

హుద్‌హుద్. 2014, ఆదివారం.
నేనప్పుడు విజయనగరంలో, కోట దగ్గర మేడగదిలో ఉన్నాను.
కిటికీరెక్క ఊడి పక్కింటి నీళ్ల ట్యాంకులో పడింది.
నాకున్న చరిత్ర అంతే.
నూకాలు గరిటెతో సముద్రం వైపు చూపించింది.
“తెప్పలు తాటితోపులోకి ఎగిరిపోనాయి.
షెల్టర్లో బియ్యం బస్తాల ఎనక
మా కోడలు నొప్పులు పడతంది.
తలుపు ముగ్గురు మగోళ్లు నొక్కి పట్టినారు.
గుంట ఏడిసినాదో నేదో ఎవుడికి ఇనబడింది?
నోరు తెరిసినాది. అంతే సూసినాం.”

ఆ గుంట నాలుగో తరగతి. తేజశ్రీ.
రిజిస్టరు తీశాను.
పుట్టిన తేదీ జూన్ ఒకటి.
పై పేరుకి జూన్ ఒకటి. కింది పేరుకీ జూన్ ఒకటి.
సగం చింతపల్లి ఒకే రోజున పుట్టింది,
ఒకే సిరాలో, ఒకే చేతి తొందరలో.
నాదీ జూన్ ఒకటే.
మా అమ్మ లెక్కలో మాత్రం
గోగు కట్టలు చెరువులో నానేసిన వారం.
ఆ వాసన తగిలితే ఇప్పటికీ
నాకొక ఏడు ఎక్కువైనట్టుంటుంది.

సాయంత్రం రేవులో పరుగు.
లైటుహౌసు నుంచి కూలిన ఐసు ఫ్యాక్టరీ గోడ దాకా
ఎనిమిది వందల మీటర్లు. పాత వలతాడుతో కొలిచాం.
తడిస్తే తాడు కురచవుతుంది,
కాబట్టి కాస్త అటూ ఇటూ.
తేజశ్రీకి ఎదురుగాలి.
ముందు ఇద్దరు మగపిల్లలు ఒకే సైకిలు మీద,
గాలిని కొయ్యడానికట. వాళ్లకి వాళ్లే అనుకున్నారు.
ఒక కుక్క కూడా వచ్చింది, దానికి ఎవరూ చెప్పలేదు.
మూడు నిమిషాలకి రెండు సెకన్లు తక్కువ.
వాచీ ఆపి మళ్లీ చూశాను. మళ్లీ చూశాను.
ఆ పిల్ల అప్పటికే కూర్చుని
మడమలో గుచ్చుకున్న గుల్ల తీసుకుంటోంది.

వియన్నా పరుగుని రికార్డులో ఎక్కించలేదు, తెలుసా.
ముందు గాలి కొయ్యడానికి మనుషులున్నారని,
అది అందరికీ తెరిచిన పందెం కాదని.
మంచిదే, రూలు రూలే.
మా దగ్గర రూలు కూడా లేదు,
తడిసిన తాడు, సైకిలు, కుక్క.

చీకటి పడుతుంటే బడికి వెళ్లాను.
తలుపు తాళం. కిటికీలోంచి చెయ్యి దూర్చితే
బల్ల ఎడమ అంచు అందుతుంది.
మూడు వరసల కింద బొటనవేలంత చోటు.
కనబడకుండానే రాశాను.

పొద్దున్న చూస్తే అక్షరాలు వంకర,
‘గాలి’ పక్కన 2:58, ఎనిమిది బోర్లాపడింది.
డస్టరు పట్టుకునే సరికి నూకాలు వచ్చేసింది.
వేలు ఆడిస్తూ లెక్కపెట్టింది.
“నాలుగు” అంది.
ఇంకేమీ అనకుండా,
పప్పు అడుగంటతాదని పరుగెత్తింది.
ఎవరి పోలికో అప్పుడు తెలిసింది.

పదమూడో తేదీకి ఇంకా జాగా లేదు.