మిర్బాత్‌ల రెండొద్దులు

సముద్రమంటే నాకు తుప్పు.
తొమ్మిదేండ్ల సంది మస్కట్‌ల హోటళ్ళ మీదికెక్కి
ఏసీ డబ్బాలు విప్పుతున్న.
ఉప్పుగాలి తిన్న రేకు
చెయ్యి తాకితే అటుకుల లెక్క రాలుతది.
సముద్రం ఎప్పుడూ నా వీపు దిక్కు ఉంటది.
దాని చప్పుడు వీపుకే ఎరుక.

నవంబర్‌ల జాతీయ దినమని
శుక్రారం కలిపి నాలుగొద్దులు సెలవిచ్చిన్రు.
భూమేశ్ కిరాయికి కారు తెచ్చిండు,
లస్మన్న సద్ది కట్టిండు.
రెండొద్దులు తొవ్వకే పాయె.
హైమా దాటినంక ఇసుక, ఒక పెట్రోల్ పంపు, మల్ల ఇసుక.
"గింత దూరం పోయి ఏం జేస్తం?" అన్న.
"ఏం జెయ్యకుంట ఉండుటానికే పోతున్నం" అన్నడు లస్మన్న.
గది ఎట్ల జేస్తరో నాకు రాదు.

తెల్లారంగ కొండ దిగినం.
సలాలాల తొవ్వ పొడుగునా కొబ్బరిచెట్లు,
అరటిగెలలు యేలాడదీసిన కొట్లు.
భూమేశ్ బండాపి, దిగి,
ఒక చెట్టును తట్టి చూసిండు, నిజందేనా అని.
బోండం కొట్టింది బంగ్లా పిలగాడు,
పైసలు తీసుకున్నది ఒమానీ తాత,
"తియ్యగున్నయా?" అని అడిగింది మాత్రం ఇద్దరూ.

మిర్బాత్ ఒడ్డంతా ఎండబోసిన చిన్న చేపలు,
మనకాడ కల్లంల మక్కలు పోసినట్టు.
లస్మన్న ముక్కు మూసుకున్నడు.
ఒక ఒంటె వచ్చి, ఎవ్వల్నీ అడగక,
ఇన్ని చేపలు నమిలి పాయె.
ఒంటె చేపలు తింటదా!
నవ్వీ నవ్వీ ఇసుకల కూలబడ్డం.
వల కుట్టుకుంట కూసున్నాయన కూడా నవ్విండు.
పేరు ముసల్లం అట.
"పేరుకు తగ్గట్టే ఉన్నడు" అన్నడు భూమేశ్ నా చెవుల.

నాకొచ్చిన అరబ్బీ అంతా పనిది:
కాలిపోయింది, గ్యాస్ లేదు, రేపొస్త, బిల్లు.
ముసల్లం ఇసుకను అరచేత్తో సాపు చేసి
"ఇస్తరీహ్" అన్నడు.
కూసో, తీరుబడిగుండు అని.
తొమ్మిదేండ్లల్ల ఆ మాటతోని నాకు పని పడలే.

పొద్దూకె యాళ్ళకు ఇంటికి తీస్కపోయిండు.
వాళ్ళమ్మ తుఫుల్,
ముక్కుకు బంగారు పువ్వు, చేతికి గోరింటాకు.
ముందుగాల మా అంగీలకు సాంబ్రాణి పొగ పట్టిచ్చింది,
చుట్టాలమనో, చేపల వాసన పోవాలనో.
తాంబాళం నిండ అన్నం, దాని మీద వంజరం ముక్కలు.
సాలంటే ఇనదు.
ముగ్గురం ఒక్క తాంబాళంల తిన్నం.

మేమొచ్చినమని ఏసీ పెట్టింది.
గడ గడ గడ.
కెపాసిటర్ పోయేటట్టుంది,
ఫ్యాన్ బుష్షు అరిగింది,
ఇంకో ఎండకాలం గట్టెక్కదు.
నా చెయ్యి జేబుల స్క్రూడ్రైవర్ దేవులాడింది.
టూల్ బ్యాగు మస్కట్‌ల మంచం కింద ఉంది.
భూమేశ్ నా మోకాలు గిచ్చి
"ఇస్తరీహ్" అన్నడు.

అప్పుడన్న ఒక మాట,
ఈ దేశమొచ్చినంక ఎవ్వలతోని అననిది:
"అమ్మా, గది బంద్ చెయ్యి. కిటికీ తెరువు."
నా పనేందో ముసల్లం చెప్పినంక
ఆమె కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్వింది.
గోడవతల పక్కింటామెను పిలిచి చెప్పింది,
ఏసీలు బాగుచేసేటోడే ఏసీ వద్దంటున్నడని.
పక్కింట్ల కూడా నవ్విన్రు.
కిటికీ తెరిచిన్రు.
ఉప్పుగాలి లోపలికొచ్చింది.
రేకులు తినే గాలే.
మా మొఖాలను ఏం జెయ్యలే.

తెల్లారి పొద్దెక్కేదాక ఇసుకల పండుకున్న.
ఎండ్రికాయ ఒకటి నా పాదం పక్కపొంటి
బొక్క తవ్వుకుంటుండె.
దానికి పనుండె.

పోయేటప్పుడు ముసల్లం
సంచెడు ఎండు చేపలు డిక్కీల ఏసిండు.
"మాకా?" అంటే,
"మీ ఒంటెకు" అన్నడు.
మస్కట్ దాక లస్మన్న అద్దాలు దించే ఉంచిండు.

ఆదివారం మల్ల మీదికెక్కిన.
రేకు అట్లనే రాలింది.
డబ్బాకు ఈసారి అటుదిక్కు పోయి కూసున్న,
సముద్రం కండ్లకెదురుంగ పడేటట్టు.
అక్కడి నుంచి స్క్రూ అందదు,
ఎడమచేత్తోటి తిప్పాలె.
యాళ్ళయితది.
కానీ.