అచ్చం అలాంటిదే

"అచ్చం అలాంటిదే" అన్నాడు ఒడ్వార్,
పాత మోచేతి గొట్టాన్నీ కొత్తదాన్నీ
నా బల్ల మీద పక్కపక్కన పెట్టి,
కవలల్ని బడిలో చేర్చడానికి తెచ్చిన తండ్రిలా
కాస్త గర్వంగానే.

మధ్యాహ్నం మూడున్నర.
కిటికీ అవతల ఫ్యోర్డ్ అప్పటికే చీకటి కప్పుకుంది.
అతని బూట్ల కింద మంచు కరిగి మడుగు కట్టింది.

అదే వ్యాసం. అదే మందం. అదే వంపు.
ఫ్లేంజికి ఎనిమిది రంధ్రాలు, ఎనిమిదీ కుదిరాయి.
"దీనికి కూడా కాగితమా, ఇంగ్విల్?
తాతకు దగ్గులు నేర్పుతావా?"

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ గొట్టాలతో కాపురం చేసినవాడు.
అరచెయ్యి ఆనిస్తే చాలు,
లోపల ఏం పారుతోందో చెప్పేస్తాడు.
అందుకే జవాబు చెప్పడానికి నాకు ఇంతసేపు పట్టింది.

ఉన్నదాని చోట ఉన్నదే వస్తే మరమ్మతు.
ఉన్నదానిలాంటిది వస్తే మార్పు.
ఆ "లాంటి" అనే రెండక్షరాలకే
కంపెనీ నాకు జీతమిస్తోంది.

బ్రాకెట్టు జానెడు జరిగినా,
ఒక రకం గాస్కెట్ బదులు ఇంకోటి దూరినా,
"రెండు రోజులకే" అని కట్టిన హోసు
పదకొండేళ్ళు వేలాడినా.
(చలికాలమంతా దాని మీద చేతితొడుగులు ఆరేసుకునేవాళ్ళం,
నేను కూడా.
డ్రాయింగులో మాత్రం అది ఇంకా పుట్టనే లేదు.)

టార్చి వేశాను.
పాతదాని నడుం మీద, తుప్పు కింద,
గుద్దిన అక్షరాలు నాలుగు.
కొత్తదాని మీద వేరే నాలుగు.
క్రోమియం లేదు. ఉత్త ఉక్కు.

ఆ లైనులో నాలుగు వందల డిగ్రీల హైడ్రోజన్.
అది అరవదు, కారదు.
ఉక్కు రేణువుల సందుల్లోకి దూరి
లోపల్లోపల కొరుక్కుతింటుంది.
పైన మనం వేసిన పసుపు రంగు
నిగనిగలాడుతూనే ఉంటుంది,
ఒకరోజు వరకు.

ఒడ్వార్ కళ్ళజోడు తీసి తుడిచాడు.
గోటితో ఆ అక్షరాలు తడిమాడు, ఒకటికి రెండుసార్లు.
"స్టోరులో రెండూ ఒకే అరలో ఉన్నాయి."
అంతే అన్నాడు. నేనూ ఏమీ అనలేదు.

కాగితం తీశాను. ఏడో ప్రశ్న:
ఇది వికటిస్తే ఆ పక్కన ఎవరుంటారు?
అతనే రాశాడు: రాత్రి షిఫ్టు, ఓసె,
ఇంకా ఆ కొత్త కుర్రాడు.
కాసేపు పెన్ను కొరికాడు.
కంట్రోల్ రూముకి ఫోన్ చేసి
కుర్రాడి పూర్తి పేరు కనుక్కున్నాడు.
అక్షరం అక్షరం చెప్పించుకుని రాశాడు.

శుక్రవారం ఒడ్వార్‌కి ఆఖరి షిఫ్టు.
మనుషులు మారినా ఇదే కాగితం నింపాలి.
అతని పేరుతో ఒకటి
నెల నుంచీ నా సొరుగులో ఉంది.
"బదులుగా వచ్చేది" అన్న గడి దగ్గర ఆగిపోయాను.

కొత్త గొట్టాన్ని చంకన పెట్టుకుని లేచాడు,
స్టోరులో అరలు వేరు చేయిస్తానని.
తలుపు దగ్గర ఆగి,
"దానికీ కాగితం కావాలా?" అన్నాడు.

ఎగతాళో నిజమో తేల్చుకోలేక
కావాలన్నాను.