కళ్ళు రెండూ ఉంచి

శనివారం పొద్దున పదింటికి సమావేశమని
చీటీలు పంపించాం.
గుంటూరు, సంగడిగుంట, మా మున్సిపల్ హైస్కూలు, ఎనిమిది బి.
నలభై ఒక్క చీటీలకి పదకొండు మంది వచ్చారు.

ఆటో నడిపే కోటయ్య కుర్చీ అంచున కూర్చుని
అందరూ అనే మాటే అన్నాడు:
"కళ్ళు రెండూ ఉంచి తోలు తియ్యండి సారూ,
నేనేమీ అనుకోను."
తెనాలిలో మా నాన్న కూడా ఒక మేష్టారికి
నన్నిలాగే అప్పజెప్పాడు.
ఆ మేష్టారు మాట నిలబెట్టుకున్నాడు.

పదకొండున్నరకి గుమ్మం దగ్గర తుమ్ములు మొదలయ్యాయి.
ముందు హిందీ టీచరు, తర్వాత నేను.
నాగూర్‌బీ లోపలికి రాలేదు.
"ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ నించి ఇటే వచ్చా.
ఒళ్ళంతా మిరప్పొడే. ఇక్కణ్ణుంచే చెప్పండి."

నేనే కుర్చీ బయటికి తెచ్చుకున్నాను.
ప్రోగ్రెస్ కార్డు తెరిచాను.
లెక్కల్లో ఇరవై అయిదుకి ఏడు.
కింద నా చేతిరాత, ఎర్ర సిరాతో:
మొదటి పీరియడ్‌లో నిద్రపోతాడు.
చదివి వినిపించాను,
కోర్టు గుమాస్తా నేరం చదివినట్టు.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, తప్పు తనదే అయినట్టు,
"నిద్ర కాదు సారూ, మంట.
పగలు అక్కడ తీసింది చాలక
రెండు టిక్కీలు ఇంటికి తెచ్చుకుంటా.
ఒక్కటే గది. వాడి చాప పక్కనే కాయల గుట్ట.
పదకొండు దాకా నాతో తొడిమలు తీసి
ఆ చేత్తోనే కళ్ళు నులుముకుంటాడు.
పొద్దున వెలుగు చూళ్ళేడు."

కళ్ళు రెండూ ఉంచి, అంటారు కదా.
మూడు నెలలుగా నేను ఆ కళ్ళనే చూడలేదు.
మూసిన రెప్పలకి మార్కులేశాను.

ఆ పైన ఇద్దరం బేరమాడినట్టు మాట్లాడుకున్నాం.
టిక్కీలు మానలేనంది. వాణ్ణి మాత్రం తొమ్మిదింటికల్లా
పైవాటా ఖాజాబీ వాళ్ళ వసారాలో పడుకోబెడతానంది.
ఎండపడే కిటికీ పక్కనుంచి వాడి చోటు మారుస్తానన్నాను.
ఇంటి లెక్కలు ఇక బళ్ళోనే, సాయంత్రం అరగంట.
అరగంటంటే ఎన్ని కిలోలో
ఆమె లోపల లెక్కేసుకోవడం కనిపించింది నాకు.
సరేనంది.

ఎర్ర సిరా చెరగదు. గీకితే కార్డు చినుగుతుంది.
దాని కిందే ఇంకో లైను రాశాను.
కొడుకు నేర్పిన అక్షరాలతో సంతకం పెట్టింది,
గకి కొమ్ముదీర్ఘం మర్చిపోయి,
మళ్ళీ గుర్తొచ్చి, పెట్టి.
"ఈసారి ఒకరోజు ముందు చెప్పండి,
తలకి పోసుకుని వస్తా" అంటూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం నా పీరియడ్.
ఆ పెన్ను పట్టుకున్న వేలితో కన్ను తుడుచుకున్నాను.
బోర్డూ సుద్దముక్కా పిల్లలూ, అంతా ఒక్కటే మంట.
కుళాయి వైపు పరిగెత్తబోతే
మూడో బెంచీలోంచి సైదావలి లేచొచ్చి
చెయ్యి పట్టుకుని ఆపాడు.
"రుద్దకండి సార్, రుద్దితే ఎక్కువవుద్ది.
ఊరికే రెప్పలు ఆడించండి.
కాసేపటికి బోర్డు కనబడుద్ది."