ఖాళీ మొల

మడికొండ ఆఫీసుల మూడు వారాలుగా నేను చేస్తున్న పని
ఇంట్ల చెప్తే
"మెనూ రాస్తున్నవా? హోటల్ పెట్టినవా ఏంది?" అన్నడు మా చిన్నాయన.
నవ్విన గానీ, కాదని చెప్పలేకపోయిన.

కోడ్ రాసేటోళ్ల కోసం మేం కడుతున్న ఎడిటర్ అది.
పైన ఒక పట్టీ: ఫైలు, మార్పులు, వెతుకు, నడుపు.
అక్కడిదాక మాదే.
ఆ తర్వాత వచ్చేవన్నీ పరాయి చేతుల ప్లగిన్లు.
ఎవరు రాస్తరో, ఏ రాత్రి కూసొని రాస్తరో తెల్వదు.
వాళ్లకు జాగ ఉంచాలె.

మొదట వరస నెంబరు అడిగిన,
ఎన్నో చోటు కావాల్నో మీరే రాసుకొమ్మన్న.
అందరూ సున్నా రాసుకున్నరు.
మరమగ్గాల డిజైన్లకు ప్లగిన్ రాసిన సిరిసిల్ల పిలగాడు
మైనస్ ఒకటి రాసిండు.
తెల్లారి ఇంకెవరో, మైనస్ వెయ్యి.
స్వరూప మేడం నా స్క్రీన్ చూసి
"ఎనుమాముల యార్డుల మిర్చి బస్తాలు దించినట్టుంది"
అనుకుంట పోయింది.

ఆ సాయంత్రం కాజీపేటల బండి లేటు.
స్టేషన్ బయట మొగిలయ్య హోటల్,
గోడకు చెక్క, చెక్కకు మొలలు,
మొలలకు రేకు పలకలు.
ఉప్మా ఒడిసింది. పలక తియ్యలే,
తిప్పి పెట్టిండు. వెనకదిక్కు బూడిద రంగు.
"తీస్తే ఈడ ఉప్మానే దొరకదనుకుంటరు.
తిప్పితే, ఇయ్యాలటికి లేదనుకుంటరు."

చాయ్ చేతుల్నే చల్లారింది.

దోశ పేరు పొద్దటిసంది బోర్డు మీదనే ఉంది.
పెనం మాత్రం ఎవరన్న అడిగినంకనే వేడెక్కుతది.
నేనేమో ఎడిటర్ తెరవంగనే
నలభై ప్లగిన్లనూ నిద్ర లేపి నిలబెడుతున్న.
పేరు చదవనీకి మనిషిని లేపాల్నా?

కింది వరసల ఒక మొల ఉత్తగనే ఉంది.
"అదెందుకు?"
"మా కోడలిది మంచిర్యాల. సర్వపిండి చేస్తనంటది.
ఎప్పుడో చెప్పలే.
మొల అయితే కొట్టి పెట్టిన, పూరీ పక్కకు."

పూరీ పక్కకు.
నెంబరు లేదు.

జమ్మికుంట దాక నిలబడే ఫోన్ల రాసుకున్న:
నువ్వు ఎన్నోదానివని అడగొద్దు,
ఎవరి పక్కన కూసుంటవో అడగాలె.
వాళ్లు రాకపోతే ఎక్కడ కూసుంటవో కూడా.

ఆఖరి మాటకే ఇంకో రెండు వారాలు పట్టింది.
రెండు ప్లగిన్లు
"నీ తర్వాతనే నేను" "కాదు, నీ తర్వాతనే నేను" అని
మర్యాదకు పోయి గడపలనే ఆగినయి,
మెనూ తెరుచుకోలే.
ఆ తగువు తీర్చేసరికి రాత్రి పదకొండు,
వాచ్‌మన్ సారంగపాణి రెండుసార్లు వచ్చి లైట్లు చూసి పోయిండు.

మొత్తానికి బయటికి పంపినం.
ఒక బగ్గు ఇంకా నా పేరు మీదనే ఉంది:
ప్లగిన్ పీకేసినా
దాని పైన గీత, దాని కింద గీత
అట్లనే ఉంటయి. నడుమ ఏం ఉండదు.

నిన్న మొగిలయ్య బోర్డు మీద కొత్త రేకు, సర్వపిండి.
కింద సుద్దతోటి, వంకర అక్షరాలు:
శనివారం మాత్రమే.

రెండుసార్లు చదివిన.
ఫలానప్పుడే కనపడత అని చెప్పుకునే వీలు
నా మెనూల నేను ఎవరికీ ఇయ్యనే లేదు.

నిన్న గురువారం.
ఇడ్లీ తిని బండెక్కిన.