మంట వైపుకే

ఓక్పో రేవులో, ఏడో షెడ్డు కింద
క్వాక్ దొక్మాన్ ముప్పయ్యొక్కేళ్ళుగా
సమ్మెట ముట్టకుండా ఇనుము వంచుతున్నాడు.
ఒక చేతిలో నీలి నాలుక,
ఇంకో చేతిలో నీళ్ళ గొట్టం.
నిప్పు ముందు నడుస్తుంది, జానెడు వెనక నీళ్ళు,
పోట్లాడుకుంటూనే సంతకెళ్ళే
పాత మొగుడూ పెళ్ళాల్లా.

మొదటి రోజు నాకు నవ్వొచ్చింది.
నట్టిల్లంత పలక, బొటనవేలంత మందం,
దాని మీద సుద్ద గీతలు,
గీతల వెంట మోకాళ్ళ మీద పాకే ముసలాయన.
ఇంతేనా, అన్నాను.
తలెత్తకుండానే అడిగాడు:
"కాలిస్తే ఇనుము ఏమవుతుంది?"
ఉబ్బుతుంది. బళ్ళో చదివిందే చెప్పాను.
"ఉబ్బాలనే చూస్తుంది.
చుట్టూ ఉన్న చల్లటి ఇనుము చోటివ్వదు.
తనలో తనే నొక్కుకుంటుంది,
చల్లారాక చూసుకుంటే మునుపటికన్నా పొట్టి.
అందుకే పలక మంట నుంచి పారిపోదురా సొక్జూ,
మంట వైపుకే వంగుతుంది."

పక్క షెడ్డులో ప్రెస్సు ఉంది, వెయ్యి టన్నులది.
పలకని చాపలా చుట్టేస్తుంది.
ఓడ ముక్కు దగ్గర మాత్రం
పలక దోసిలి పట్టాలి,
అటూ ఇటూ ఒకేసారి.
దోసిలి పట్టడం ఆ ప్రెస్సుకి రాదు.

మంటకి వచ్చు. రెండు పగళ్ళు పడుతుంది.
చెక్క మూస పలక మీద నిలబెట్టి
చెంప ఇనుముకి ఆనించి చూస్తాడు
సందులోంచి వెలుగొస్తోందా అని.
వెలుగు కనిపించినంతసేపూ పని ఉన్నట్టే.

గీసిన మంటగీత తుడవలేం.
ఎక్కువ వంగితే తిరగేసి అవతల కాల్చాలి,
కాల్చినప్పుడల్లా పలక లోపల ఒక బిగువు మిగులుతుంది,
పైకి నునుపు, రంగేస్తే పెళ్ళికూతురు.
నెలలు గడిచాక ఎవడో కోయబోతే
టప్పున విదిలించుకుంటుంది.
నామ్ గ్యుసిక్ రెండు వేళ్ళు అలాగే పోయాయి.
ఆ పలక కాల్చింది తనేనని దొక్మాన్ ఎవరికీ చెప్పలేదు,
నాకు తప్ప. నాకూ ఒక్కసారే.

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
మానెందుకు, కొండైనా వంగుతుంది నిప్పుకి.
వంగాక అది ఏమవుతుందన్నదే లెక్క.

ముదురెరుపు దాకా పరవాలేదు.
నారింజ దాటి అక్కడే నిలిస్తే
ఇనుములోని రేణువులు బలిసి, జిగి పోయి
లోపలే పెళుసవుతుంది.
ఇది నాకు కంఠతా వచ్చు.
అయినా డిసెంబరులో, సముద్రపు గాలి
చొక్కాలోపలికి సూదులు గుచ్చుతున్న పొద్దున
నా మంట ఒకచోట ఆగిపోయింది.
నిజం చెప్తే, నేనే ఆపాను.
చేతులు కొంకర్లు పోతున్నాయి.
నారింజ వచ్చింది, పసుపు వచ్చింది,
భయమేసి దాని మీద నీళ్ళు గుమ్మరించాను.
ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

ఆయన వచ్చాడు, మోకాళ్ళు కిరకిరమంటూ
(ఇంట్లో నేల మీంచి లేవాలంటే ఆయనకి గోడ కావాలి).
పలక మీద సుద్దతో పెద్ద ఇంటూ గీశాడు.
తిట్టలేదు.
"చేతులు వెచ్చబడ్డాయా?" అన్నాడు.
అది ఎత్తిపొడుపో ఆరాయో
ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

ఆ పలకలోంచి పళ్ళెమంత ముక్క కోయించి
షెడ్డు వెనక రెండిటికల మీద పెట్టాడు.
కింద బొగ్గులు, పైన ఉప్పేసిన కానాగంత చేపలు.
సముద్రంలోకి వెళ్ళాల్సిన ఇనుము దగ్గరికి
సముద్రమే నడిచొచ్చిందని గ్యుసిక్ నవ్వాడు,
మూడు వేళ్ళ చేత్తో చేప తిరగేస్తూ.
దొక్మాన్ నవ్వలేదు. పెనం నడిమికి చూపించాడు.
అంచుల్లోని నూనె అంతా
మెల్లగా అక్కడికే జారుతోంది.
"చూడు," అన్నాడు,
"దీనికింకా అలవాటు పోలేదు."